టీకాలన్నీ వేయించిన బిడ్డకు ఆర్‌ఎస్‌వీ: దేవరకొండ వైపు నుంచి ఒక కేసు

నెలలు నిండకుండా పుట్టి, ఐదు వారాలకు పైగా ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడిన, నెలలు తక్కువ పసికందుల ప్రత్యేక వార్డు) ఉండి ఇంటికి వెళ్లిన మగబిడ్డ కేసు ఇది. ఊరు దేవరకొండ వైపు. పది వారాల వయసులో ఆర్‌ఎస్‌వీతో (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, పసిపిల్లల ఊపిరితిత్తులకు పట్టే జలుబు వైరస్) నల్లగొండలో మా దగ్గర చేరాడు, గట్టెక్కాడు. వైద్యంలో కొత్తేమీ లేదు. నేను రాస్తున్నది నివారణ గురించి. ఈ జబ్బుకు ఇప్పుడు రెండు రకాల రక్షణ ఉంది. కడుపుతో ఉన్న తల్లికి వేసే టీకా ఒకటి, బిడ్డకు నేరుగా ఇచ్చే యాంటీబాడీ, అంటే వైరస్‌ను అడ్డుకునే తయారుగా ఉన్న ప్రొటీన్, ఇంకొకటి. ఏది ఏ బిడ్డకు అక్కరకొస్తుందో ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ల విషయంలో స్పష్టంగా కనబడింది. కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను.

ముందు సంగతి

తల్లికి రెండో కాన్పు. 31 వారాలకే ఉమ్మనీరు పోయి ప్రసవం అయింది. బరువు 1,450 గ్రాములు. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కాన్పుకు ముందే పడ్డాయి కాబట్టి రెండు రోజుల సీప్యాప్‌తో (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) సరిపోయింది. మూడో వారానికల్లా ఆక్సిజన్ తీసేశారు. ఆగస్టు మొదట్లో పుట్టినవాడు సెప్టెంబర్ రెండో వారంలో 1,900 గ్రాములతో ఇంటికి వెళ్లాడు. ఆరు వారాల టీకాలు వేళకే పడ్డాయి: పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యుమోకాకల్. తల్లి పాలే తాగుతున్నాడు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తూకం చూసి వెళ్తోంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఇంతకంటే బాగా సాకడం కష్టం.

ఇంతలో బతుకమ్మ, దసరా వచ్చాయి. తండ్రి హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తాడు. సర్దితోనే పండక్కి ఇంటికొచ్చాడు. తర్వాత మూడేళ్ల కూతురికి ముక్కు కారడం మొదలైంది. ఇల్లంతా చుట్టాలు. చిన్నోడిని ఎత్తుకోని మనిషి లేదు. పెద్దవాళ్లకు ఆర్‌ఎస్‌వీ అంటే మామూలు జలుబే, దానికోసం పని మానేవాళ్లు కూడా ఉండరు. దగ్గు తుంపరలతో, ముక్కు తుడుచుకున్న చేతులతో పాకుతుంది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి పిల్లకూ ఒకసారైనా తగిలే వైరస్ ఇది. చిక్కల్లా అది ఎన్నో నెలలో తగిలిందన్నదే. రెండేళ్ల పిల్ల ముక్కు చీదుకుంటూ ఆడుకుంటుంది. రెండు నెలల బిడ్డకు గాలిగొట్టాల్లో అతి సన్నని కొసలు వాచి, రాలిన కణాలతో, చీమిడితో మూసుకుపోతాయి. దీన్నే బ్రాంకియోలైటిస్ అంటాం.

జలుబు పట్టిన మూడో రోజు పాలు తగ్గించాడు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో మందు ఆవిరి పట్టే మిషన్ పెట్టి, యాంటీబయాటిక్ సూది వేసి పంపించారు. మర్నాడు పొద్దున 108లో మా దగ్గరికి వచ్చారు. నానమ్మ చెప్పిన మాట నేను కేస్ షీట్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "నిన్నటి సంది పాలు గుంజుతలేడు సారూ, డొక్కలెగరేస్తుండు. తెల్లారంగ ఒక్కసారి ఊపిరి ఆగినట్టయి నల్లగయిండు."

ఈ మూడు ముక్కల్లో రోగం మొత్తం ఉంది. నెలలు తక్కువతో పుట్టిన పిల్లల్లో ఆర్‌ఎస్‌వీ కొన్నిసార్లు దగ్గు, ఆయాసం ముదరకముందే ఊపిరి ఆగడంతో బయటపడుతుంది. జ్వరం ఉండకపోవచ్చు. ఈ బిడ్డకూ లేదు.

వార్డులో

చూసేసరికి నిమిషానికి 74 సార్లు ఊపిరి తీస్తున్నాడు. రెండు నెలలు దాటిన బిడ్డకు 50 లేదా అంతకు మించితేనే వేగంగా ఉన్నట్టు లెక్క. బయటి గాలి మీద ఆక్సిజన్ 84 శాతం. ముక్కుపుటాలు ఎగరడం, డొక్కలు లోపలికి పోవడం, రెండు వైపులా పిల్లికూతలు. బరువు 2,700 గ్రాములు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి ఉన్నాయి, న్యుమోనియా మచ్చ లేదు. ముక్కు స్రావంతో చేసిన ర్యాపిడ్ పరీక్షలో ఆర్‌ఎస్‌వీ పాజిటివ్.

ఈ పరీక్ష చేయాలా వద్దా అన్నది మాలో మాకు నడిచే వాదన. పాజిటివ్ వచ్చినా ఇచ్చే మందు లేదు కదా, రోగి జేబు ఎందుకు కొట్టాలంటారు కొందరు. నెలలు నిండి పుట్టి, ఆడుతూ పాడుతూ ఉన్న ఎనిమిది నెలల పిల్లకైతే నేనూ చేయించను. ఇలాంటి చిన్న బిడ్డకు మాత్రం చేయిస్తాను, రెండు కారణాలకు. యాంటీబయాటిక్ ధైర్యంగా ఆపొచ్చు, ఆపాం కూడా. వార్డులో మిగతా చిన్న పిల్లలకు దూరంగా మంచం వేయొచ్చు. ఎస్‌ఎన్‌సీయూ పక్కనే ఉన్న వార్డులో ఈ రెండోది చిన్న విషయం కాదు.

వైద్యం అంతా ఆసరానే. హై ఫ్లో ఆక్సిజన్ పెట్టాం. పాలు పట్టేముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి చీమిడి లాగేవాళ్లం. తల్లి పాలు పిండి, ముక్కు గొట్టంతో కొంచెం కొంచెం ఇచ్చాం. రెండో రాత్రి రెండుసార్లు ఊపిరి ఆగితే సీప్యాప్‌కు మార్చాం. జబ్బు మొదలైన మూడు నుంచి ఐదో రోజు దాకా ముదురుతుంది, ఆ తర్వాత దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఆ రెండు మూడు రోజులు దాటించడమే మన పని. సాల్బుటమాల్ మిషన్, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ ఏవీ బ్రాంకియోలైటిస్‌ను తగ్గించవని తేలి చాలా కాలమైంది. అయినా మిషన్ పెట్టలేదంటే వైద్యమే చేయలేదనుకునే రోజులివి. ఆ బిడ్డ తాత వరండాలో నిలబడి, "ఆవిరి పెట్టకుంటె ఎట్ల తగ్గుతది?" అని ప్రతి పూటా నర్సమ్మను నిలదీశాడు. ముక్కు శుభ్రం చేసిన అయిదు నిమిషాలకు ఆక్సిజన్ అంకె 90 నుంచి 95కు ఎక్కడం ఆయనకు దగ్గరుండి చూపించాక గానీ ఊరుకోలేదు.

వారం దాటాక ఇంటికి వెళ్లాడు. దగ్గు ఇంకో రెండు మూడు వారాలు ఉంటుందని, దానికి మందులు తాపొద్దని చెప్పి పంపాం.

నానమ్మ ప్రశ్న

డిశ్చార్జి రోజు నానమ్మ టీకా కార్డు తెరిచి నా ముందు పెట్టింది. "సూదులన్నీ ఏపిచ్చినం. మరి ఇదెట్ల అంటుకున్నది?"

న్యాయమైన ప్రశ్న. ఆ కార్డు మీద ఉన్న న్యుమోకాకల్, పెంటావాలెంట్‌లోని హిబ్ రెండూ బ్యాక్టీరియాతో వచ్చే న్యుమోనియా మీద పనిచేస్తాయి. ఆర్‌ఎస్‌వీ బ్యాక్టీరియా కాదు, వైరస్. మన సర్కారు టీకాల పట్టికలో దానికి ఏదీ లేదు. పెద్ద జబ్బు కాదేమో అందుకే లేదనుకుంటే పొరపాటు. 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల్లో లక్ష మందికి పైగా ఆర్‌ఎస్‌వీ వల్ల చనిపోయారని అంచనా. అందులో 45 వేలకు పైగా ఆరు నెలల్లోపు వాళ్లే. చావుల్లో నూటికి 97 మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనివి.

మరి ఆరో వారంలో మిగతా సూదులతో పాటు దీనికీ ఒక టీకా ఎందుకు వేయరు? మా దగ్గర పనిచేసే హౌస్ సర్జన్ ఇదే అడిగాడు. 1960ల్లో అమెరికాలో ఆ పని చేసి చూశారు. ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ను పసిపిల్లలకు టీకాగా వేశారు. ఆ తర్వాత వైరస్ సోకినప్పుడు, టీకా పడిన పిల్లలకే జబ్బు ముదిరింది. ఒక ప్రయోగంలో టీకా వేసుకుని వైరస్ సోకినవాళ్లలో 80 శాతం ఆస్పత్రి పాలయ్యారు. టీకా పడనివాళ్లలో అది 5 శాతమే. ఇద్దరు పిల్లలు చనిపోయారు. అక్కడితో ఈ రంగం కొన్ని దశాబ్దాలు స్తంభించిపోయింది. 2024లో ఒక ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను పసివాళ్లలో పరీక్షిస్తుండగా తీవ్రమైన కేసులు కనబడి ఆ ప్రయోగమూ ఆగింది. కాబట్టి ఇంతవరకు ఆరు నెలల్లోపు బిడ్డ ఒంట్లో దీనికి యాంటీబాడీలు తయారు చేయించే టీకా లేదు. తయారైనవి బయటి నుంచి అందించాలి. తల్లి నుంచి గానీ, సీసా నుంచి గానీ.

దారి తెరుచుకున్నది 2013లో. వైరస్ ఒంటి మీద ఎఫ్ అనే ప్రొటీన్ ఉంటుంది, మన కణంలోకి దూరడానికి అదే ఆయుధం. ఎక్కుపెట్టిన ఎలుకల బోనులా ఒక రూపంలో ఉండి, కణాన్ని తాకగానే టప్పున ఇంకో రూపానికి మారిపోతుంది. పాత టీకాలో ఉన్నది ఎక్కువగా ఆ వాలిపోయిన రూపమే. దాని మీద పుట్టిన యాంటీబాడీలు వైరస్‌కు అంటుకుంటాయి గానీ ఆపలేవు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో బార్నీ గ్రాహమ్, జేసన్ మెక్‌లెల్లన్, పీటర్ క్వాంగ్ బృందం ఎక్కుపెట్టిన రూపం ఎలా ఉంటుందో కనిపెట్టి, దాన్ని అలాగే బిగించి ఉంచే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు తల్లికి వేసే టీకా ఆ బిగించిన ప్రొటీనే. బిడ్డకు ఇచ్చే నిర్సెవిమాబ్ కూడా ఆ రూపం కొసనే పట్టుకుంటుంది.

ఈ బిడ్డకు ఏది పనిచేసేది

తల్లికి వేసే టీకా పేరు అబ్రిస్వో. అమెరికాలో 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది, 32 నుంచి 36 వారాల మధ్య వేయాలని. మ్యాటిస్ అనే పెద్ద ప్రయోగంలో పుట్టిన మూడు నెలల దాకా తీవ్రమైన ఆర్‌ఎస్‌వీని దాదాపు 82 శాతం, ఆరు నెలల దాకా 69 శాతం తగ్గించింది. టీకా వేశాక తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై మాయ దాటి బిడ్డకు చేరాలంటే కనీసం రెండు వారాలు పడుతుంది. పైగా తల్లి నుంచి బిడ్డకు వెళ్లే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం వెళ్లేది చివరి రెండు నెలల్లోనే.

మన బిడ్డ 31 వారాలకే బయటపడ్డాడు. ఆ టీకా దేవరకొండ సంతలో అమ్మినా ఇతనికి అందేది కాదు. వేసే గడువు మొదలుకాకముందే కాన్పు అయిపోయింది. తల్లికి ఎప్పుడో తగిలిన ఆర్‌ఎస్‌వీల వల్ల ఉన్న మామూలు యాంటీబాడీలు సైతం సగం సగమే దక్కాయి. నెలలు తక్కువ పిల్లలకు ఈ జబ్బు గట్టిగా తగలడానికి ఇదొక పెద్ద కారణం. ఊపిరితిత్తులు పచ్చిగా ఉండటం దానికి తోడు.

ఇతనికి సరిపోయేది యాంటీబాడీ. పాతది పాలివిజుమాబ్, 1998లో వచ్చింది. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున నెలకో సూది, సీజన్‌కు ఐదు దాకా. ఖరీదు ఎక్కువ. దేవరకొండ నుంచి ఐదు నెలలు వరసగా ఒక కూలి కుటుంబం నల్లగొండకు వచ్చి ఆ సూది వేయించుకుంటుందని అనుకునేవాళ్లు ఆ బస్సు ఎక్కి చూడాలి. నిర్సెవిమాబ్ సంగతి వేరు. దాన్ని ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేలా మార్చారు. పాతది మూడు వారాలకే సగమైతే, ఇది సగమవడానికి రెండు నెలలు దాటుతుంది. ఒక్క సూదితో కనీసం ఐదు నెలల రక్షణ. ఐదు కిలోల లోపు బిడ్డకు 50 మిల్లీగ్రాములు, ఆపైన 100. ఇతని లాంటి పిల్లల మీదే, అంటే 29 నుంచి 35 వారాల్లోపు పుట్టినవాళ్ల మీద చేసిన ప్రయోగంలో ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రిలో చేరడం 78 శాతం తగ్గింది. 29 వారాలు గానీ ఆపైన గానీ పుట్టిన పిల్లల్లో ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్‌లలో చేసిన హార్మొనీ ప్రయోగంలో 83 శాతం. స్పెయిన్‌లోని గలీసియాలో 2023 సెప్టెంబర్ నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ వేస్తే ఆస్పత్రి చేరికలు అదే స్థాయిలో పడిపోయాయి. 2025 జూన్‌లో అమెరికా అనుమతి పొందిన క్లెస్రోవిమాబ్ ఇంకో అడుగు ముందుకేసింది: బరువుతో పని లేదు, ఎవరికైనా 105 మిల్లీగ్రాములే.

ఇతను ఎస్‌ఎన్‌సీయూ నుంచి ఇంటికి వెళ్లింది సెప్టెంబర్ రెండో వారం. ఆ రోజు తొడకు ఒక్క సూది పడి ఉంటే పండగ, చలికాలం దాటి ఫిబ్రవరి దాకా రక్షణ ఉండేది. మన జిల్లాల్లో ఇలాంటి మందు కొద్దిగానే వస్తుందనుకుంటే, మొదట ఇవ్వాల్సిన చోటు ఓపీ కాదు, ఎస్‌ఎన్‌సీయూ డిశ్చార్జి బల్ల అని నా అభిప్రాయం. బిడ్డ మన చేతిలో ఉంటాడు, బరువు అప్పుడే తూచి ఉంటుంది, తల్లి పక్కనే ఉంటుంది. మళ్లీ రమ్మని చెప్పే పని లేదు.

తోడికోడలు

ఇదంతా నానమ్మకు చెబుతుంటే మంచం చివర చిన్న కోడలు కూర్చుని వింటోంది. తొలి చూలు. "మరి నాకు ఏస్తరా సార్ ఆ సూది?" అంది. ఎన్నో నెల అంటే, "ఏడు నిండినయి, ఎనిమిదోది పడ్డది" అని అత్త అందుకుంది. స్కాన్ కాగితం చూస్తే 31 వారాలు.

ఇక్కడే మన దగ్గర ఈ టీకాకు అసలు చిక్కు. తొలి కాన్పు పుట్టింట్లో. ఈమె పుట్టిల్లు కల్వకుర్తి వైపు. దీపావళి కాగానే తీసుకుపోతామని తల్లిగారు కబురు పంపారు. అంటే టీకా వేయాల్సిన ఆ నాలుగైదు వారాల్లోనే ఆమె జిల్లా మారుతుంది, డాక్టరు మారుతుంది, ఆశా కార్యకర్త మారుతుంది. ఇక్కడి డాక్టరమ్మ అక్కడ చూస్తారనుకుంటుంది, అక్కడివాళ్లు అన్నీ ఇక్కడే అయ్యాయనుకుంటారు. మాట కూడా నెలల్లోనే నడుస్తుంది. ఎనిమిదో నెల అంటే 31 వారాలు కావచ్చు, 35 కావచ్చు. మొదటి మూడు నెలల్లో తీయించిన స్కాన్ కాగితం చేతిలో లేకపోతే గడువు ఎప్పుడు తెరుచుకుందో, ఎప్పుడు మూసుకుందో ఎవరూ చెప్పలేరు.

గడువు దేశానికో తీరుగా ఉంది. అమెరికా 32 నుంచి 36 అంటుంది, యూరప్ అనుమతి 24 నుంచి 36, బ్రిటన్ 28 నుంచి వేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 28 వారాల నుంచి మొదలుపెట్టవచ్చంది. 2025 మార్చిలో ఆ టీకాను తన నాణ్యతా జాబితాలో చేర్చి, మే నెలలో ప్రతి దేశమూ తల్లి టీకా గానీ బిడ్డకు యాంటీబాడీ గానీ ఏదో ఒకటి ప్రవేశపెట్టాలని చెప్పింది. మన పల్లెలకు 28 నుంచి అన్నదే నయం. పుట్టింటికి బయలుదేరకముందే అయిపోతుంది.

ఆమె తల్లిపిల్లల కార్డు మీద వారాలు, తేదీ రాసి, "ఆర్‌ఎస్‌వీ టీకా గురించి ఈ తేదీ లోపు అడగాలి" అని ఎర్ర పెన్నుతో రాసిచ్చాను. కొన్నాళ్లకు కల్వకుర్తి నుంచి ఆమెను చూస్తున్న డాక్టరమ్మ ఫోన్ చేశారు. రెండు విషయాలు అడిగారు.

ఒకటి, నెలలు నిండకముందే కాన్పు అవుతుందన్న భయం. ఆ ఇంట్లో అప్పటికే ఒకరికి అలా అయింది కాబట్టి ఈ ప్రశ్న గాల్లోంచి రాలేదు. జీఎస్‌కే కంపెనీ ఇలాంటి ఇంకో టీకాను గర్భిణుల్లో పరీక్షిస్తూ, ముందస్తు కాన్పులు ఎక్కువ కావడంతో 2022లో ఆపేసింది. అబ్రిస్వో ప్రయోగంలో టీకా పడినవాళ్లలో 5.7 శాతం, పడనివాళ్లలో 4.7 శాతం ముందుగా ప్రసవించారు. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కాకపోవచ్చు, లెక్కల్లో గట్టిగా తేలలేదు. అందుకే అమెరికా జాగ్రత్త పడి 32 వారాల తర్వాత అంది. తోడికోడలికి ముందుగా ప్రసవం అయినంత మాత్రాన ఈమెకు ప్రమాదం పెరగదు, ఇద్దరికీ రక్తసంబంధం లేదు.

రెండోది, గర్భిణులకు వేసే టెటనస్, డిఫ్తీరియా టీకా టీడీతో కలిపి వేయవచ్చా అని. టెటనస్, డిఫ్తీరియాకు ఇబ్బంది లేదు. కోరింత దగ్గు భాగం ఉన్న టీడ్యాప్‌తో కలిపి వేస్తే ఆ భాగానికి స్పందన కొంత తగ్గినట్టు కనబడింది. టీడ్యాప్ వేయించదలిస్తే కొన్ని వారాల ఎడం ఇవ్వడం మంచిదన్నాను.

చివరికి వేయించుకోలేదు. తెప్పించే ఖర్చు విని ఆమె తండ్రి, ఆ డబ్బు కాన్పుకు ఉంచుకుంటామన్నాడు. సిజేరియన్ పడితే ఎంతవుతుందో ఆ ఇంటివాళ్లకు తెలుసు. ఆర్‌ఎస్‌వీ పడితే ఎంతవుతుందో పెద్ద కోడలి ఆస్పత్రి బిల్లు చూసి తెలిసినా, అది రావచ్చు, రాకపోవచ్చు. ఆయన లెక్కను నేను తప్పు పట్టలేను. అర్జెంటీనా 2024లో దేశమంతా గర్భిణులకు ఈ టీకా ఉచితంగా వేసింది. డబ్బు లెక్క వేయాల్సింది ఏ స్థాయిలోనో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇంటి స్థాయిలో వేస్తే ఇలాగే తేలుతుంది.

డిసెంబర్‌లో 38 వారాలకు ఆడపిల్ల పుట్టింది, 2,800 గ్రాములు. సూది లేనప్పుడు చేయగలిగింది చేశారు. సర్దితో వచ్చిన వాళ్లను గడప దగ్గరే ఆపేశారు, ముద్దులు బంద్, చేతులు కడిగితేనే పిల్ల. పొయ్యి బయటికి మార్చారు. నానమ్మ ఈ విషయంలో మా వార్డు నర్సుల కంటే కఠినంగా ఉందని మొదటి బిడ్డ తల్లి నవ్వుతూ చెప్పింది. ఇవి వైరస్‌ను ఆలస్యం చేస్తాయి, మొత్తానికి ఆపలేవు. ఆలస్యమైనా లాభమే. రెండు నెలలప్పుడు తగిలేది ఎనిమిది నెలలప్పుడు తగిలితే గాలిగొట్టాలు అప్పటికి వెడల్పవుతాయి.

ఇప్పుడు మొదటి బిడ్డ

ఎనిమిది నెలలు నిండాయి, ఏడు కిలోలు దాటాడు. జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తున్నాయి, ఒకసారి ఓపీలో కొన్ని గంటలు ఉంచాల్సి వచ్చింది. చిన్నతనంలో తీవ్రమైన ఆర్‌ఎస్‌వీ వచ్చిన పిల్లల్లో ఇది తరచూ చూసేదే.

తండ్రి అడిగాడు, "వచ్చే ఏడు మళ్లా వస్తదా సార్?" వస్తుంది. ఒకసారి వస్తే మళ్లీ రాదనే జబ్బు కాదిది, పెద్దయ్యాక కూడా వస్తూనే ఉంటుంది. అయితే మొదటిసారంత గట్టిగా ఉండదు. రెండో సీజన్‌కు కూడా నిర్సెవిమాబ్, ఈసారి 200 మిల్లీగ్రాములు, ఇవ్వాలని చెప్పేది నెలలు తక్కువతో పుట్టి ఊపిరితిత్తులు దెబ్బతిని ఇంకా వైద్యం సాగుతున్నవాళ్లకు, ఇంకా కొన్ని తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు. ఇతనికి ఆక్సిజన్ మూడో వారానికే ఆగిపోయింది, గుండె బాగుంది. వచ్చే దసరాకు ఆ సూది అక్కర్లేదని కార్డులో రాశాను. ఫ్లూ టీకా మాత్రం వానాకాలం మొదలయ్యేలోపు వేయించమన్నాను, మొదటిసారి కాబట్టి నెల ఎడంతో రెండు డోసులు.